మద్దతు - మూల్యం

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామపంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మండల, జిల్లా పరిషత్తు ఎన్నికలు పార్టీల ప్రాతిపదికన జరుగుతాయి. సర్పంచి ఎన్నికలో మాత్రం పార్టీ గుర్తులుండవు. పార్టీల పోరు గ్రామాన్ని చీల్చరాదన్నది దీని ఉద్దేశం.

అయితే ఆ ఖాళీని కులసంఘాలు, వృత్తిసంఘాలు, గుత్తేదారులు భర్తీ చేయడం అనేక గ్రామాలలో పరిపాటి అయింది. తమవారందరి ఓట్లు ఫలానా అభ్యర్థికేనని సంఘపెద్దలు ప్రకటిస్తారు. కొన్ని వందల ఓట్లే గల గ్రామంలో యాభై ఓట్ల సంఘమైనా గెలుపోటములను తారుమారు చేయగలదు.

సంఘటితం కావడం దోషం కాదు. కుళాయి నీరందని వాడవారు, పొలంబాట లేని రైతులు ఏకకంఠంతో అడగడం ప్రజాస్వామ్య లక్షణమే. చిక్కల్లా ఒక్కటే: మద్దతు బహిరంగం, దాని మూల్యం రహస్యం. చెరువు చేపల వేలంలోనో, మురుగుకాలువ పనుల గుత్తలోనో ఆ మూల్యం తరువాత బయటపడుతుంది. అప్పుడు నష్టపోయేవారు ఏ సంఘానికీ చెందనివారు, సంఘంలో ఉన్నా మాట చెల్లని స్త్రీలు, పేదలు.

దీనికి విరుగుడు ఓటరు చేతిలోనే ఉంది. ఓటింగు రహస్యం కనుక సంఘపెద్ద మాట ఇవ్వగలడే గాని, ఇతరుల ఓటును తాను వేయలేడు. ఎన్నిక ముగిసిన పిదప గ్రామసభలో పంచాయతీ లెక్కలను ఏ ఓటరైనా అడగవచ్చు. మద్దతిచ్చిన కొందరికే కాక ఊరందరికీ సర్పంచి జవాబుదారి అని గుర్తుచేసేది ఆ ప్రశ్నయే.