కంప్యూటరు జాబుకు తాళము, చేవ్రాలు

మన సహకార సంఘముల వ్యవహారము నేడు చాలవరకు కంప్యూటరు మీదనే నడచుచున్నది. బెంగుళూరు చిక్కపేట వర్తకులకు ధరల పట్టీలు, మిల్లులకు చిలపనూలు ఆర్డర్లు, బ్యాంకులకు జమాఖర్చు పత్రములు ఈ-మెయిలులోనే పోవుచున్నవి.

ఇందు రెండు ప్రమాదములు కలవు. పండుగకు సిద్ధపరచిన క్రొత్త అంచు గ్రాఫు అన్యుల చేతబడినచో, మన చీర మగ్గము దిగకమునుపే పవర్‌లూము నకలు బజారునకు వచ్చును. మిల్లు పేరిట “మా బ్యాంకు ఖాతా మారినది” అని దొంగజాబు వచ్చి, దానిని నమ్మి సొమ్ము పంపినచో మరల రాబట్టుట కష్టము. అది నేతగాండ్ర మజూరీ సొమ్ము.

మొదటిదానికి తాళము, రెండవదానికి చేవ్రాలు విరుగుడు. ఈ రెండు పనులను ‘గ్నూపీజీ’ అను ఉచిత సాఫ్టువేరు చేయును. జర్మనీ దేశస్థుడు వెర్నర్ కోఖ్ ప్రారంభించిన దీని 1.0 కూర్పు 1999లో వెలువడినది.

ఇందు ప్రతివారికి రెండు తాళపుచెవులుండును. వెల్లడి చెవిని అందరికి ఈయవచ్చును. రహస్యపు చెవిని ఎవ్వరికిని ఈయరాదు. గుడి హుండీలో ఎవరైనను కానుక వేయవచ్చును, తెరచువాడు మాత్రము అధికారియే కదా! అట్లే మిల్లువారి వెల్లడి చెవితో మనము బిగించిన పత్రమును వారి రహస్యపు చెవియే తెరచును. చేవ్రాలు ఇందుకు విపర్యయము: మన రహస్యపు చెవితో చేసినదానిని మన వెల్లడి చెవి గలవారెల్లరు పరీక్షింపవచ్చును. పిమ్మట ఒక్క అంకె మార్చినను పరీక్ష తప్పును.

ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరములతో టైపు చేయవలెను. మొదట ‘జీపీజీ’ అని, పిదప ప్రతి ఆజ్ఞకు ముందు రెండు అడ్డగీతలు పెట్టవలెను. ‘ఫుల్-జనరేట్-కీ’ చెవులను పుట్టించును. ‘ఇంపోర్ట్’ ఎదుటివారి వెల్లడి చెవిని చేర్చుకొనును. ‘సైన్’, ‘ఎన్‌క్రిప్ట్’, ‘రెసిపియెంట్’ అని వ్రాసి, అందుకొనువారి పేరు, ఆపై ఫైలు పేరు వ్రాసిన పత్రము చేవ్రాలుతో తాళము పడును. ‘డీక్రిప్ట్’ దానిని తెరచి, చేవ్రాలు సరియో కాదో తెలుపును.

ఎదుటివారి చెవిని నమ్మకముందు దాని ‘వేలిముద్ర’ అనబడు 40 అక్షరములను, మన పాత రికార్డులోని ఫోను నంబరుకు మాటలాడి సరిచూడవలెను. దొంగజాబులోని నంబరుకు ఫోను చేసిన లాభము లేదు.

ఒక హెచ్చరిక. 2000 అక్టోబరు 17న అమలులోనికి వచ్చిన సమాచార సాంకేతిక చట్టము ప్రకారము డిజిటల్ సంతకమునకు లైసెన్సు గల సంస్థ యిచ్చిన సర్టిఫికెట్టు కావలెను. బెంగుళూరులో ముఖ్య కార్యాలయము గల ఈముద్ర అట్టి సంస్థలలో ఒకటి. సర్కారు టెండర్లకు గ్నూపీజీ చేవ్రాలు చాలదు. పరస్పరము ఒప్పుకొన్న వారి మధ్యనే అది ఉపయోగపడును.

రహస్యపు చెవికి గట్టి సంకేతవాక్యము పెట్టి, నకలును బీరువాలో భద్రపరుపవలెను. కార్యదర్శి మారినప్పుడు పాత చెవిని రద్దుపరచి, ఆ సంగతి అందరికి తెలుపవలెను. సంఘముల వారెల్లరు గమనింప ప్రార్థన.