తెలిసిన దుఃఖం

చలనచిత్రంలో నాయకుడు దగ్గి చేతిరుమాలు చూచుకున్నాడంటే, ఇక మరణమేనని మా మల్లాపూర్ విద్యార్థి సైతం చెప్పగలడు. దీపం ఆరడం, పటం పగలడం అట్టి శకునాలే. వీటికి మేము నవ్వుకుంటాము కూడ.

మరి 1953 నాటి 'దేవదాసు' ముగింపు ఎరిగియుండియు కంట తడి పెట్టడమెందుకు? శరత్ నవల చదివినవారికి ఆ మరణం కొత్త కాదు. అయితే వాకిట పడియున్నవాడు దేవదాసేనని మనకు తెలుసు, లోపలి పార్వతికి తెలియదు. తెలిసి పరుగెత్తేసరికి తలుపులు మూతపడతాయి. మన ఎరుకకూ ఆమె ఎరుగమికీ నడుమనున్న ఆ ఎడమే దుఃఖాన్ని పుట్టిస్తుంది.

ఉర్దూ పాఠకులకు చిరపరిచితమైన లైలా మజ్నుల గాథను 1949లో భరణీ సంస్థ తెలుగున తీసినప్పుడూ కథాంతం రహస్యం కాదు. 'ప్రేమాభిషేకం' (1981) నాయకుడు తన వ్యాధిని ప్రియురాలినుండి దాచుతాడు, మననుండి కాదు.