చలికాలం ఈత: ఒళ్లు చల్లబడుతోందని ఈదేవాళ్లకే ఎందుకు తెలియదు? హైపోథెర్మియాతో ముప్పు ఎప్పుడు?

చలికాలం వచ్చిందంటే మంత్రాలయంలో తెల్లవారకముందే తుంగభద్ర స్నానాలు మొదలవుతాయి. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో బావుల దగ్గర ఈత నేర్చుకునే పిల్లలు, పోటీల కోసం గంటల తరబడి ప్రాక్టీస్ చేసే యువకులు కనిపిస్తారు. హైపోథెర్మియా అనే మాట వినగానే మంచు పడే దేశాల సంగతిలే అనుకుంటారు చాలామంది. కానీ నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉండాల్సిన పనేం లేదు. ఎంతసేపు నీళ్లలో ఉన్నారన్నదే అసలు పాయింట్.

హైపోథెర్మియా అంటే ఏంటి?

మన శరీరం లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. అది 35 డిగ్రీల కంటే కిందికి పడిపోతే డాక్టర్లు దాన్ని హైపోథెర్మియా అంటారు. 35 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే తొలి దశ. ఒళ్లంతా వణుకు, చేతివేళ్లు మొద్దుబారడం, మాట తడబడటం ఈ దశలో కనిపిస్తాయి. 32 నుంచి 28 మధ్యకు వస్తే వణుకు తగ్గిపోతుంది, మనిషి మత్తుగా అయిపోతాడు. 28 కంటే తగ్గితే స్పృహ పోవచ్చు, గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది.

వణుకు ఆగింది కదా, ఇక ఫర్వాలేదు అనుకోవడం పెద్ద పొరపాటు. వణకడం అంటే శరీరం కండరాలను ఆడించి వేడి పుట్టించుకోవడం. మనిషి ఇంకా చల్లగానే ఉండి వణుకు మాత్రం ఆగిపోయిందంటే ఆ శక్తి కూడా అయిపోయిందని అర్థం.

బావి నీళ్లు వెచ్చగా ఉంటాయి కదా?

చలికాలం పొద్దున్నే బావిలో దిగితే నీళ్లు గోరువెచ్చగా అనిపిస్తాయి. దీనికి కారణం సింపుల్. భూమి లోపలి నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు. బయట గాలి మాత్రం బాగా చల్లబడి ఉంటుంది. అందుకే నీళ్లు వెచ్చగా ఉన్నట్టు తోస్తుంది. నిజానికి ఆ నీళ్లు కూడా మన ఒంటి కంటే చల్లనివే.

నీళ్లలో కదలకుండా ఉన్న మనిషి వేడి కోల్పోకుండా ఉండాలంటే ఆ నీరు సుమారు 33 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. అంతకంటే తక్కువైతే ఒంట్లో వేడి బయటికి పోతూనే ఉంటుంది. పైగా గాలితో పోలిస్తే నీటికి వేడిని లాగేసే గుణం దాదాపు 25 రెట్లు ఎక్కువ. ఈదుతున్నంతసేపు కండరాలు వేడి పుట్టిస్తాయి కాబట్టి కొంతసేపు తట్టుకోవచ్చు. అలసిపోయి వేగం తగ్గాక మాత్రం పుట్టే వేడి కంటే పోయే వేడే ఎక్కువవుతుంది. కాస్త చల్లటి నీళ్లలోనైనా గంటల తరబడి ఈదితే ఇదే సమస్య.

ఛానెల్ ఈదేవాళ్లు ఏం చేస్తారు?

సుదూర ఈతలో తెలుగువాళ్లూ సత్తా చాటారు. గోలి శ్యామల 2021 మార్చి 19న శ్రీలంక తలైమన్నార్ నుంచి ధనుష్కోడి వరకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. పాక్ జలసంధి నీళ్లు కాస్త వెచ్చనే. ఇంగ్లిష్ ఛానెల్ కథ వేరు. అక్కడ ఈత సీజన్‌లో కూడా నీరు సుమారు 15 నుంచి 18 డిగ్రీలే ఉంటుంది. 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతి సాహా ఆ నీళ్లనే దాటారు. ఆరతి సాహాకు మొదటి ప్రయత్నం ఫలించలేదు, రెండోసారి 16 గంటలకు పైగా ఈది ఒడ్డు చేరారు. భక్తి శర్మ 2015లో అంటార్కిటికాలో ఒక డిగ్రీ నీళ్లలో 2.28 కిలోమీటర్లు ఈదారు. అయితే ఆమె ఆ నీళ్లలో ఉన్నది 41 నిమిషాలే.

ఇలాంటివాళ్లు ఒక్క రోజులో తయారుకారు. ఇంగ్లిష్ ఛానెల్‌కు అనుమతి కావాలంటే 16 డిగ్రీలకు మించని నీళ్లలో ఏకబిగిన ఆరు గంటలు ఈది చూపించాలి. నెలల తరబడి చల్లటి నీటికి ఒంటిని అలవాటు చేసుకుంటారు. అంతర్జాతీయ ఓపెన్ వాటర్ పోటీల్లో అయితే నీరు 16 డిగ్రీల కంటే చల్లగా ఉంటే రేసే పెట్టరు.

మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈదేవాళ్ల పక్కనే పడవలో మనుషులుంటారు. నిమిషానికి చేతులు ఎన్నిసార్లు వేస్తున్నారో లెక్కపెడుతుంటారు. మధ్యమధ్యలో వెచ్చటి తీపి ద్రవాలు అందిస్తూ మాట్లాడిస్తారు. లెక్క ఒక్కసారిగా పడిపోయినా, సమాధానం పొంతన లేకుండా వచ్చినా బయటికి లాగేస్తారు. ఎందుకంటే మెదడు చల్లబడితే ముందు దెబ్బతినేది తెలివిడి. 'నాకేం కాలేదు, ఇంకో రౌండ్ కొడతా' అనే మనిషే ప్రమాదంలో ఉండొచ్చు.

ఎవరికి ముప్పు ఎక్కువ?

పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే త్వరగా చల్లబడుతుంది. బక్కపలచగా ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. దర్శనం అయ్యేదాకా ఏమీ తినమని ఖాళీ కడుపుతో నదిలో దిగేవాళ్లలో వేడి పుట్టించడానికి కావాల్సిన శక్తి తక్కువ. మందు తాగి దిగడం మరీ ప్రమాదం. మద్యం వల్ల చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడి ఇంకా త్వరగా పోతుంది.

చాలా చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దూకితే మరో చిక్కు. మొదటి ఒకటి రెండు నిమిషాల్లో ఊపిరి ఎగబీలుస్తుంది, అప్పుడు తల నీళ్లలో ఉంటే నీరు లోపలికి వెళ్తుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. అందుకే మెల్లగా, మెట్టు మెట్టుగా దిగాలి.

బయటికి వచ్చాక ఏం చేయాలి?

ఒడ్డుకు చేరినా ముప్పు తీరినట్టు కాదు. చేతులు కాళ్లలోని చల్లటి రక్తం లోపలికి చేరడంతో నీళ్లలోంచి వచ్చాక కూడా కొద్దిసేపు ఒంటి ఉష్ణోగ్రత తగ్గుతూనే ఉంటుంది. అందుకే బాగానే నడిచొచ్చిన మనిషి పది నిమిషాల తర్వాత కుప్పకూలవచ్చు.

* గాలి తగలని చోటుకు తీసుకెళ్లండి. తడి బట్టలు వెంటనే తీసేసి తుడవండి.
* పొడి బట్టలు వేసి కంబళి కప్పండి. తల, మెడ కూడా కప్పాలి.
* స్పృహలో ఉండి మింగగలిగితే వేడి పాలు, తియ్యటి టీ ఇవ్వండి. మత్తుగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు.
* చేతులు, కాళ్లు గట్టిగా రుద్దొద్దు. మంట దగ్గర కాచడం, మరిగే నీళ్లు పోయడం వద్దు.
* వణుకు ఆగిపోయి మత్తుగా ఉన్నా, మాట తేడాగా ఉన్నా పడుకోబెట్టి, కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే సీపీఆర్ తెలిసినవాళ్లు వెంటనే మొదలుపెట్టాలి.

ఎల్లెల్సీ లాంటి కాలువల్లో ప్రవాహం వేగంగా ఉంటుంది, గట్లు జారతాయి. వేళ్లు మొద్దుబారిన మనిషి గట్టు పట్టుకుని పైకి రావడం కష్టం. కాబట్టి అక్కడ ఈత ప్రాక్టీస్ వద్దే వద్దు. బావిలోనైనా, నదిలోనైనా ఈత వచ్చిన ఒక పెద్ద మనిషిని ఒడ్డున ఉంచుకుని, ఎంతసేపు ఈదాలో ముందే అనుకుని దిగాలి. టైమ్ అయిందని ఒడ్డున ఉన్నవాళ్లు పిలిస్తే వాదించకుండా బయటికి వచ్చేయాలి.