నేలను తిరగేయొద్దు... కదిపితే చాలు!

మృగశిర కార్తె వచ్చిందంటే పల్లెల్లో ఆడవాళ్లకి రెండు చోట్ల పని. ఒకటి చేను, రెండోది పెరడు. చేనుకి ట్రాక్టరో, అరకో వస్తుంది. మరి పెరటికి? అక్కడున్నవి గడ్డపార, పార, కుర్పి. పట్టేది ఇంటి ఇల్లాలు. రెండు మడులు తవ్వేసరికి నడుము పట్టేస్తుంది, అరచేతులు బొబ్బలెక్కుతాయి. 'ఈ యేడు కూరగాయలు వద్దులే, సంతలో కొనుక్కుందాం' అనిపించేది సరిగ్గా అప్పుడే. నాలుగు రోజులకోసారి పుంటికూరో, పాలకూరో ఇంట్లోనే తెంపుకునే అవకాశం అక్కడితో పోతుంది.

తీరా చూస్తే ఆ తవ్వకంలో చాలా భాగం అక్కర్లేనిదే! మట్టిని పైకి కిందికి తిరగేయకుండా, ఉన్నచోటనే కాస్త కదిలిస్తే మొక్కకి సరిపోతుంది. దానికో పనిముట్టు ఉంది. పేరు బ్రాడ్‌ఫోర్క్. మన మాటల్లో చెప్పాలంటే రెండు పిడుల పళ్ల పార.

తిరగేస్తే ఏమవుతుంది?

పెరట్లో మట్టి చూడ్డానికి మట్టే. లోపల మాత్రం పెద్ద సంసారం ఉంటుంది. పాత వేళ్లు కుళ్లిపోయిన చోట సన్నటి గొట్టాల్లాంటి దారులు మిగులుతాయి. వానపాములు చేసిన బొరియలుంటాయి. వాన నీళ్లు కిందికి దిగేదీ, గాలి ఆడేదీ, కొత్త వేరు చొచ్చుకుపోయేదీ వీటిలోంచే. వానపాములు నేలను ఎంతగా మారుస్తాయో చెప్పడానికి డార్విన్ అంతటివాడు 1881లో ఏకంగా ఓ పుస్తకమే రాశాడు.

పారతో తవ్వి మట్టిని బోర్లా వేసినప్పుడు ఈ దారులన్నీ తెగిపోతాయి. అడుగున నిద్రపోతున్న కలుపు గింజలు వెలుతురులోకొచ్చి మొలకెత్తుతాయి. మెత్తగా పొడైన మట్టి మీద పెద్ద వాన పడితే పైన పెచ్చు కడుతుంది. అంటే తవ్వడానికి ఓసారి, కలుపు తీయడానికి రెండోసారి, పెచ్చు పగలగొట్టడానికి మూడోసారి... మన నడుమే వంగాలి!

ఎలా పనిచేస్తుంది?

1960లలో ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో ఆంద్రే గ్రెలాఁ అనే ఆయన ఈ పనిముట్టుకి ఓ రూపం ఇచ్చాడు. ఆయన పేరు మీదే ఫ్రెంచివాళ్లు దీన్ని 'గ్రెలినెట్' అంటారు. అమెరికాలో చిన్న కమతాల్లో కూరగాయలు పండించేవాళ్లు దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు.

చూడ్డానికి పెద్ద దువ్వెనలా ఉంటుంది. అడ్డంగా ఓ ఇనుప పట్టీ, దానికి కింద జానెడుకి పైగా పొడవున్న నాలుగైదు పళ్లు, రెండు చివర్లా నిలువుగా రెండు పొడవాటి పిడులు. మడిలో నిలబెట్టి, అడ్డపట్టీ మీద కాలు మోపి మన బరువుతోనే పళ్లని దింపాలి. దిగకపోతే అటూ ఇటూ కాస్త ఊపాలి. తర్వాత రెండు పిడులూ పట్టుకుని మన వైపు లాగాలి. మట్టి కొద్దిగా పైకి లేచి, బీటలిచ్చి, మళ్లీ అక్కడే కూర్చుంటుంది. అంతే! ఎత్తి పక్కన పోయక్కర్లేదు. పార బయటికి తీసి, అర అడుగు వెనక్కి జరిగి మళ్లీ దింపాలి. వెనక్కి నడుస్తూ చేస్తాం కాబట్టి కదిపిన చోట మళ్లీ తొక్కం.

మూడడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవున్న మడి అనుకోండి. పార వెడల్పు అడుగున్నర అయితే దాదాపు అరవైసార్లు దింపితే మడి పూర్తవుతుంది. వంగాల్సిన పని లేదు. మట్టి బరువు ఎత్తాల్సిన పనీ లేదు.

రేగడికి తెలిసిన విద్యే!

సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ పక్కనున్న మనూర్ వైపు నల్లరేగడిలో పనిచేసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. ఎండాకాలం రేగడి నెర్రెలు విచ్చుతుంది. పైనున్న మట్టి పెళ్లలు ఆ నెర్రెల్లోకి జారిపోతాయి. వాన పడగానే నేల ఉబ్బి మూసుకుంటుంది. అందుకే రేగడిని 'తనను తాను దున్నుకునే నేల' అంటారు. దక్కన్ రేగళ్లలో పాతకాలం రైతులు ఏటా లోతుగా నాగలి పెట్టేవాళ్లు కాదు. చాలా ఏళ్లు గుంటకతో పైపైన కోసి వదిలేసేవాళ్లు.

మరి పెరట్లో అదే రేగడి ఎందుకు బండలా మారుతుంది? తొక్కడం వల్ల! పిల్లలు, పశువులు, కోళ్లు, బిందెలతో తిరిగే మనం... అందరి అడుగులూ పడేది అక్కడే. తడిగా ఉన్నప్పుడు తొక్కితే మరీ అన్యాయం. ఇదే జిల్లాలోని పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ సంస్థ శాస్త్రవేత్తలు రేగడి నేలల కోసం ఓ పద్ధతి రూపొందించారు. మీటరు వెడల్పున ఎత్తు మడి, పక్కన అరమీటరు కాలువ. ఎడ్లయినా మనుషులైనా నడిచేది కాలువలోనే, మడి మీద కాదు. ఆ సూత్రం మన పెరటికీ పనికొస్తుంది. మూడడుగుల మడి అయితే అటొకవైపు, ఇటొకవైపు నుంచి చెయ్యి అందుతుంది. లోపల కాలు పెట్టే అవసరమే రాదు. మడిని తొక్కుతూనే ఉంటే మాత్రం ఎంత మంచి పనిముట్టు తెచ్చినా నెల తిరక్కుండా నేల మళ్లీ గట్టిపడుతుంది.

అదనూ పదునూ

ఈ పనిలో అసలు కిటుకు పదునులో ఉంది. ఎండిన రేగడిలో పళ్లు దిగవు. బలవంతం చేస్తే పారే వంగుతుంది. బురదగా ఉన్నప్పుడు దింపితే పళ్ల చుట్టూ మట్టి నున్నగా మెత్తుకుపోయి, ఆరాక ఇటుకలా తయారవుతుంది. మంచి వాన పడ్డాక నాలుగైదు రోజులు ఆగి, గుప్పెడు మట్టి తీసి ముద్ద చేయండి. బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోయిందా... అదే పదును! పిండిలా సాగితే ఇంకో రెండు రోజులు ఆగండి. జహీరాబాద్ వైపు ఎర్ర నేలలవాళ్లకి ఇంత ఇబ్బంది ఉండదు. వాన లేకపోతే ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టుకున్నా సరిపోతుంది. మొరం, రాళ్లు ఉన్నచోట మాత్రం ఈ పార జోలికి పోవద్దు.

ఏడాదికోసారి, విత్తే ముందు కదిపితే చాలు. మడిని తొక్కకుండా, కప్పి ఉంచితే రెండు మూడేళ్ల తర్వాత ఆ అవసరం కూడా తగ్గిపోతుంది.

కమ్మరి చేత చేయించుకోవచ్చు

దీనికోసం పట్నం పరుగెత్తక్కర్లేదు. ఊళ్లో కమ్మరికో, వెల్డింగ్ షాపులోనో చెప్పి చేయించుకోవచ్చు. ఆడవాళ్లకైతే అడుగున్నర వెడల్పు, నాలుగు పళ్లు చాలు. పళ్లకి మామూలు ఇనుప చువ్వలు పెడితే రేగడిలో వంగిపోతాయి. పాత లారీ కమాను పట్టీలు గట్టిగా ఉంటాయి. పిడులు మీ ఛాతీ ఎత్తుకి రావాలి. చేయించే ముందు మీరే వెళ్లి కొలతిచ్చి రండి. మగవాళ్ల ఎత్తుకి చేసిన పనిముట్టు మన భుజాలకి శిక్షే!

డబ్బు పెట్టే ముందు గడ్డపారతో ఓ మడిలో ప్రయత్నించి చూడండి. జానెడు దూరానికొకటి చొప్పున దింపి, వెనక్కి వంచి, మట్టి బీటలివ్వగానే తీసేయండి. పెళ్ల లేపొద్దు. పని నెమ్మదే గానీ సూత్రం ఒకటే. పక్కనే మామూలుగా తవ్విన మడి ఒకటి ఉంచితే కలుపు దేంట్లో ఎక్కువొస్తోందో, తడి దేంట్లో నిలుస్తోందో మీ కళ్లే చెబుతాయి.

కప్పి ఉంచితేనే ఫలితం

కదిపిన నేలను ఎండకి వదిలేయకూడదు. పైన రెండు వేళ్ల మందం మాగిన పశువుల ఎరువు, ఆపైన చెత్త కప్పాలి. జొన్న చొప్ప పశువులకి కావాలి, నిజమే. అవి తినగా మిగిలిన ముక్కలు, పెసర పొట్టు, రాలిన కంది ఆకు చాలు. చెదలు కనిపిస్తే కప్పుని పలచన చేసి, కాస్త తడిగా ఉంచండి.

ఇలా నేలను కాపాడుకునే సేద్యం మనకి దూరమేం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు కలిపి పంటలు, సొంత విత్తనం, పశువుల ఎరువు నమ్ముకుని బీడు భూముల్ని సాగులోకి తెచ్చారు. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశాలు జరిగినప్పుడు దేశదేశాల వాళ్లు జహీరాబాద్ దగ్గరి బిడకన్నెకి వచ్చి అక్కడి పొలం చూసి వెళ్లారు.

ఇవి మరవొద్దు

* గర్భిణులు, కొత్తగా కాన్పయినవాళ్లు, నడుం నొప్పి, గర్భసంచి జారడంలాంటి ఇబ్బందులున్నవాళ్లు ఈ పార పట్టొద్దు.
* ఉత్త కాళ్లతో అడ్డపట్టీ ఎక్కొద్దు. బూట్లో, గట్టి చెప్పులో వేసుకోండి. కొంగు నడుముకి దోపుకోండి.
* పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. పని కాగానే పళ్లు గోడవైపు ఉండేలా ఆనించి పెట్టండి.
* నీళ్ల పైపు, కరెంటు తీగ భూమిలో ఉన్నచోట దింపొద్దు.
* జామ, నిమ్మలాంటి చెట్ల మొదళ్ల దగ్గర వద్దు. వేళ్లు తెగుతాయి.

ఈసారి తొలకరికి మొత్తం పెరడు పెట్టుకోకండి. ఒక్క మడి చాలు. చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి 'ఇందులో ఎవరూ కాలు పెట్టొద్దు' అని ఇంట్లో అందరికీ చెప్పండి. పదును చూసి కదపండి, కప్పండి, మెంతులో పుంటికూరో చల్లండి. ఆ మడి బాగుంటే వచ్చే ఏడు రెండోది!