టైరు మారితే స్పీడు మీటరు లెక్క తప్పుతుంది

పలాస జీడిపప్పు, టెక్కలి గ్రానైటు, ఉద్దానం కొబ్బరి విశాఖ వైపు పోవాలంటే కోటబొమ్మాళి మీదుగా 16వ నంబరు జాతీయ రహదారే దారి. ఈ దారిన తిరిగే చిన్న లారీలకు 7.50-16 టైర్లు తీయించి, బరువుకు బాగా ఆగుతాయని 8.25-16 వేయించేవాళ్లుంటారు. రిమ్ము వ్యాసం రెండింటికీ 16 అంగుళాలే. కానీ మొదటి టైరు ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు, రెండోది 85. పాత టైరు కిలోమీటరుకు దాదాపు 398 చుట్లు తిరిగితే, కొత్తది 374 చుట్లతోనే ఆ దూరం దాటేస్తుంది.

మీటరుకు రోడ్డు కనపడదు. గేరుబాక్సు వెనక షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందన్నదే దానికి తెలుసు. చుట్లు తగ్గితే వేగం తగ్గిందనుకుంటుంది. ముల్లు 80 మీద ఉన్నప్పుడు లారీ 85 దగ్గర పోతుంటుంది. ఆ అయిదే కదా అనకండి. బ్రేకులు అణచాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి వాటి మీద భారం 13 శాతం ఎక్కువవుతుంది. అదే సంకేతంతో నడిచే స్పీడు గవర్నరు కూడా మోసపోతుంది. వంద కిలోమీటర్లు తిరిగినా మీటరు 94 చూపిస్తుంది గనక, బండి డీజిలు ఎక్కువ తాగుతోందని ఓనరు డ్రైవరును అనుమానిస్తాడు.

ఈ ముల్లు వెనకున్న యంత్రానికి 1902లో స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన ఒట్టో షుల్జె పేటెంటు తీసుకున్నాడు. పాత మీటరు విప్పి చూస్తే దాని తెలివి తెలుస్తుంది. కేబులు చివర చిన్న అయస్కాంతం, దాని చుట్టూ అల్యూమినియం గిన్నె. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అల్యూమినియం మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు కూడా. అయినా అయస్కాంతం గిర్రున తిరిగితే గిన్నెలో సుడి ప్రవాహాలు పుట్టి, గిన్నె దాని వెంట తిరగబోతుంది. సన్నటి వెంట్రుక స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ రెండు లాగుళ్లూ సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. నూరేళ్లకు పైగా లోకం నమ్మిన ఏర్పాటిది.

అందుకే టైరు మార్చాక ముల్లును, స్ప్రింగును కదపకూడదు. కేబులు తిరిగే వేగాన్నే సరిచేయాలి. గేరుబాక్సులో కేబులును తిప్పే పళ్లచక్రానికి 17 పళ్లుంటే, ఆ బండికి సరిపడే 16 పళ్ల చక్రం వేయిస్తే కేబులు ఆరు శాతం వేగంగా తిరుగుతుంది. మన తేడా ఇంచుమించు అంతే. కొత్త బండ్లలో కేబులు లేదు, సెన్సారు పల్సులు లెక్కపెడుతుంది. కిలోమీటరుకు ఇన్ని పల్సులన్న అంకెను సర్వీసు సెంటరులో అదే నిష్పత్తిలో తగ్గించాలి.

అయితే ముందు కొలవాలి. కంపెనీ మీటర్లు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదన్నది ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన. కాస్త ఎక్కువ చూపవచ్చు. కాబట్టి కొత్త టైరు తేడాలో కొంత ఆ వెసులుబాటులోనే కలిసిపోవచ్చు. రద్దీ లేని వేళ ముల్లును 60 దగ్గర నిలకడగా ఉంచి, ఒక కిలోమీటరు రాయి దగ్గర లెక్క మొదలుపెట్టి ఇంకో పది రాళ్లు దాటండి. టైము పక్కనున్న క్లీనరు చూడాలి. సరిగ్గా పది నిమిషాలు పడితే మీటరు నిజం చెబుతున్నట్టు. 9 నిమిషాల 25 సెకన్లే పడితే అసలు వేగం దాదాపు 64. ఒక్క రాయితో తేల్చకండి, రాళ్లు అటూ ఇటూ ఉండొచ్చు.

లారీ ఓనర్లకు నా మనవి ఒకటే. పెద్ద టైరు ఆ బండికి కంపెనీ ఒప్పుకున్న సైజో కాదో ముందు కనుక్కోండి. టైర్లు బిగించిన వారంలోనే ఈ పది కిలోమీటర్ల పరీక్ష చేయించి, తేడా ఉంటే మీటరు సరిచేయించాకే బండిని లోడుకు పంపండి.