క్రీము లేని ఆల్ఫ్రెడో: రోమ్ భోజనంపై అపోహలు – వాస్తవాలు

ఎర్ర గళ్ల టేబుల్ గుడ్డ, మధ్యలో కొవ్వొత్తి, ఇద్దరికీ కలిపి ఒకే పళ్లెంలో స్పఘెట్టి, మీట్‌బాల్స్. ఇటాలియన్ రెస్టారెంట్ అనగానే చాలామందికి గుర్తొచ్చే ఈ దృశ్యం 1955 నాటి డిస్నీ సినిమా 'లేడీ అండ్ ది ట్రాంప్' చలవే. ఇంతా చేసి స్పఘెట్టి, మీట్‌బాల్స్ జోడీ అమెరికాకు వలస వెళ్లిన ఇటాలియన్లది. రోమ్‌లో మాంసం ఉండలు పాస్తా తిన్నాక, విడిగా వస్తాయి.

ఆల్ఫ్రెడో అంటే క్రీము సాస్ అన్నది మరో అపోహ. హైదరాబాద్ కేఫుల్లో 'వైట్ సాస్ పాస్తా'కు అలవాటుపడ్డవాళ్లయితే అసలు వంటకాన్ని గుర్తే పట్టరు. రోమ్‌లో హోటల్ నడిపిన ఆల్ఫ్రెడో దీ లేలియో వాడినవి వెన్న, పర్మెజాన్ చీజ్. అంతే! పొగలు కక్కే ఫెత్తుచ్చీనె పాస్తా మీద వెన్న, సన్నగా తురిమిన చీజ్ వేసి గబగబా తిప్పుతారు. పాస్తాకు అంటుకున్న పిండినీళ్లు ఆ రెంటినీ కలిపేసి, మెరిసే పూతలా పట్టిస్తాయి. చుక్క క్రీము లేకుండానే ఆ నునుపు వస్తుంది. 1920లో హనీమూన్‌కు వచ్చిన హాలీవుడ్ జంట మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ మెచ్చుకోవడంతో దీని పేరు అమెరికాకు పాకింది. క్రీము అక్కడే చేరింది.

కార్బొనారా పాస్తాలో క్రీము వేస్తే రోమన్లు మండిపడతారు. గుడ్లు, పెకొరీనో చీజ్, ఉప్పులో ఊరబెట్టిన పంది దవడ మాంసం, మిరియాలు... ఇదే అనాదిగా వస్తున్న పద్ధతి అంటారు. ఆ 'అనాది' మాత్రం నమ్మదగ్గది కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ వంటకం ఊసు దాదాపు ఎక్కడా లేదు. 1954లో 'లా కుచీనా ఇటాలియానా' పత్రిక అచ్చేసిన తయారీలో వెల్లుల్లి, స్విట్జర్లాండ్ గ్రుయేర్ చీజ్ ఉన్నాయి!

మార్కో పోలో చైనా నుంచి పాస్తా తెచ్చాడన్న కథకూ ఆధారం లేదు. ఆయన పుట్టకముందే, 1154లో, సిసిలీలోని త్రబియాలో సేమ్యా లాంటిది తయారుచేసి ఓడల్లో పంపేవారని అరబ్ భూగోళ శాస్త్రవేత్త అల్ ఇద్రీసీ రాశాడు.

రోమ్ రెస్టారెంట్ల బిల్లులో రొట్టెకు వేసిన ఒకటి రెండు యూరోలు చూసి మోసం అనుకునేవారూ ఉన్నారు. మెనూలో రాసి ఉంటే అది మామూలే. భోజనం అయినా బిల్లు తేకపోతే పట్టించుకోలేదనీ కాదు. అడగందే తేవడం అక్కడ మర్యాద కాదు.

మన శాకాహారులు ఎక్కువగా పొరబడేది చీజ్ దగ్గర. మాంసం లేదు కదా అని చీజ్, మిరియాల పాస్తా 'కాచో ఎ పేపె' చెప్పేస్తారు. అందులోని పెకొరీనో రొమానోకు పాలు విరిచేది గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో. పర్మెజాన్‌కు, అంటే పర్మిజానో రెజ్జానోకు, దూడ రెన్నెట్ తప్పనిసరి. తిరమిసులో గుడ్లుంటాయి. పట్టింపు ఉన్నవాళ్లు టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో చేసే పాస్తా చెప్పి, పైన చీజ్ చల్లవద్దని ముందే అడగాలి.