ఆపద్ధర్మమునకు వేరొక పత్రము

ఒక ప్రోగ్రాము కెర్నెలును ఆశ్రయించి, ‘మెమరీలో ఫలానా చిరునామాయందున్న అక్షరములను ఫైలులో వ్రాసిపెట్టుము’ అని కోరినదనుకొందము. ఆ చిరునామా అబద్ధమైనచో ఏమి గతి? కంప్యూటరు సర్వభారమును వహించు కెర్నెల్ తొట్రుపడినచో దానిని నమ్మియున్న ప్రోగ్రాములన్నియు దానితోబాటు కూలవలసినదే.

లినక్స్ తొలినాళ్ళలో, అనగా 2.0 వరకుగల రూపములలో, కెర్నెల్ అట్టి చిరునామాను ముట్టుకొనుటకు ముందు ప్రతిసారియు అది ఆ ప్రోగ్రామునకు చెందినదేనా యని విచారించెడిది. వచ్చినవి దాదాపుగా సరియైన చిరునామాలే యగుటచే, ఈ విచారణ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమును గుమ్మములో నిలిపి గోత్రప్రవరలు అడిగినట్లుండెను. లినక్స్ కర్తయగు లైనస్ టోర్వాల్డ్స్ ఆ భారమును కెర్నెల్ నెత్తినుండి దించి, ప్రాసెసరులోని మెమరీ యంత్రాంగమునకే అప్పగించెను.

ఇప్పుడు కెర్నెల్ సంకోచింపక ఆ చిరునామాను చదువును. అచట చదువదగినది లేనిచో, ఇంటెల్ వంశపు ప్రాసెసరులలో 14వ సంఖ్యగల ఎక్సెప్షన్, పేజ్ ఫాల్ట్ అనునది, పుట్టును. ఆ స్థలమును సక్రమముగా తెచ్చియిచ్చుటకు వీలులేదని తేలగానే కెర్నెల్ ఒక పట్టికను తెరచును. తప్పు జరుగుటకు అవకాశముగల ఆజ్ఞ ఏది, జరిగినచో మరలవలసిన ఆజ్ఞ ఏది అను రెండు ఆనవాళ్ళును అందు ప్రతి వరుసలోను ఉండును. వరుసలు క్రమముగా పేర్చబడియుండుటచే, నిఘంటువులో మాటను వెదకునట్లు, సగమునకు సగము విడిచిపెట్టుచు కావలసినదానిని పట్టుకొనవచ్చును. వరుస దొరకినచో కెర్నెల్ ఆ దారిని మరలి, ‘చిరునామా చెడ్డది’ అని ప్రోగ్రామునకు జవాబిచ్చి తన పని తాను చూచుకొనును. దొరకనిచో దోషము తనదేయని ‘ఊప్స్’ అను కేకతో ఒప్పుకొనును.

ఇంత చక్కని పట్టికకు చిక్కు వచ్చినది దాని పనిలో కాదు, దానిని పరిచయము చేయు పత్రములో. సి భాషలో వ్రాసిన ఫైలు తాను వాడుకొను పరాయి ఫంక్షనుల పేర్లను, రూపములను ముందుగా ఎరిగియుండవలెను. ఆ పరిచయములుండునవే హెడర్ ఫైళ్ళు. ఫైలు శిరస్సున ‘ఇంక్లూడ్’ అని ఒక్క పంక్తి వ్రాయగానే, పెండ్లికి ఒకరిని పిలిచిన వారి బంధుబలగమంతయు బండ్లు కట్టుకొని దిగినట్లు, ఆ హెడరును, అది పిలుచునవియు, అవి పిలుచునవియు కంపైలరు ముందు వచ్చి పరచుకొనును. వానిలో ఏ యొక్కటి మారినను, దానిని పిలిచిన ఫైళ్ళన్నిటిని మరల కంపైలు చేయవలసి వచ్చును.

ఈ పట్టికను వెదకు ఫంక్షనుల పరిచయములు, కెర్నెల్ మార్పుల చరిత్రను భద్రపరచు గిట్ 2005లో రాకపూర్వమే, మాడ్యూల్.హెచ్ అను హెడరు నడుమ చేరియుండెను. నడచుచున్న కెర్నెలునకు తరువాత తగిలించు భాగములే మాడ్యూళ్ళు. వానికిని ఇట్టి పట్టికలుండును గనుక ఈ చుట్టరికము నిరాధారము కాదు. కాని మాడ్యూళ్ళతో నిమిత్తములేక, పేజ్ ఫాల్టును విచారించుటయే పనిగాగల ఫైలుకూడ, రెండు మూడు పేర్లకొరకు ఆ హెడరు సంసారమునంతటిని మోయవలసి వచ్చెను.

2016లో ఆ పరిచయములను విడదీసి, ఎక్స్‌టేబుల్.హెచ్ అను వేరొక పత్రమున నిలిపిరి. విడదీసిన తీరు గమనింపదగినది. మొదట పాత హెడరే క్రొత్తదానిని పిలుచునట్లు చేసిరి. అందువలన ఏ ఫైలును ఒక్కసారిగా అనాథ కాలేదు. పిదప వాడుకొను ఫైళ్ళను ఒక్కొక్కటిగా క్రొత్త పత్రమునకు మరల్చిరి. తుదకు పాతదానిలోని ఆ పిలుపును తుడిచివేసిరి. అట్లు మరలిన ఫైలును తెరచి చూచినచో కానవచ్చు మార్పు తరచుగా ఒక్క పంక్తియే: మాడ్యూల్.హెచ్ అనుచోట ఎక్స్‌టేబుల్.హెచ్. 2022 జనవరిలో, కెర్నెల్ వ్రాయువారిలో ఒకరైన ఇంగో మోల్నార్ ఈ మార్గముననే మరింత దూరము పోయి, 2,200కు పైబడిన మార్పులతో కెర్నెల్ హెడర్ల చిక్కునంతను విప్పజూచి, కంపైలు వేగము అమరికనుబట్టి 50 నుండి 80 శాతము వరకు హెచ్చునని ప్రకటించెను.

ఎక్స్‌టేబుల్.హెచ్ పుట్టుటవలన యంత్రము చేయు పని రవ్వంతయు మారలేదు. మార్చుట దాని ఉద్దేశమును కాదు. సరియైన చిరునామాతో వచ్చిన ప్రోగ్రామును గుమ్మములో నిలుపరాదని కెర్నెల్ ఏనాడో నేర్చినది. ఆ మర్యాద దానిని వ్రాయువారి పత్రములకు ప్రాకుటకు మాత్రము, ఒక్క పంక్తి పనియే యైనను, ఇన్నేండ్లు పట్టినది.